ఫైరింజన్ వచ్చేలోపు: పల్లెలో సొంతింటికి అగ్ని రక్షణ ఎలా, ఎంత ఖర్చు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. టౌన్లో ఉన్నవాళ్ళకీ కొంత పనికొస్తుంది గానీ, నా మనసులో ఉన్నది మాత్రం ఇంటి వెనక గడ్డివాము, పక్కన పశువుల కొట్టం, ముందు వసారాలో రేటు కోసం ఆపిన పత్తో మిర్చో ఉన్న ఇల్లు.

101కి ఫోన్ చేస్తే ఫైరింజన్ వస్తుంది. మంటలార్పినందుకు డబ్బు అడగరు. అమెరికాలో కొన్ని పల్లె ప్రాంతాల్లో అలా కాదు, ఏడాదికింత అని చందా కట్టాలి. 2010లో టెనెసీ రాష్ట్రంలోని ఓబియన్ కౌంటీలో ఒకాయన 75 డాలర్ల చందా కట్టలేదని, వచ్చిన ఫైరింజన్ ఆయన ఇంటి జోలికే పోలేదు. చందా కట్టిన పక్కవాళ్ళ పొలానికి మంట అంటకుండా మాత్రం కాపాడింది. ఇల్లు కళ్ళముందే కాలిపోయింది. మనకు ఆ బాధ లేదు. మన బాధంతా దూరం. అగ్నిమాపక సేవల మీద కేంద్రానికి సలహాలిచ్చే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్, పల్లెకు బండి చేరడానికి పెట్టిన లక్ష్యమే 20 నిమిషాలు. స్టేషన్లో ఉన్న బండి అప్పటికే ఇంకో చోటికి వెళ్ళి ఉంటే, దారిలో రైల్వే గేటు పడితే, అది ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలిలో తాటాకు కప్పుకు అంత టైం అక్కర్లేదు.

కాబట్టి మీరు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది ఆ 20 నిమిషాలు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి: ఆ 20 నిమిషాలూ మీ ఇంట్లో కరెంటు ఉండదు. మంట కనపడగానే మీరే మెయిన్ తీసేస్తారు, లేదా లైన్‌మన్ సరఫరా ఆపేస్తాడు. ఆ రెండూ చేయాల్సిన పనులే. అంటే బోరు మోటారు పనిచేయదు. "మాకు బోరుంది, భయం లేదు" అనే ఇల్లు నిజానికి నీళ్ళు లేని ఇల్లే. కింద చెప్పేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. ధరలు సుమారుగా చెబుతున్నాను. కంపెనీని బట్టి, షాపును బట్టి మారతాయి.

మొదట ఇంటి చుట్టూ తిరిగి చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు. ఎండాకాలం మొదలవకముందే, ఫిబ్రవరిలో ఒక ఉదయం చేయండి.

మెయిన్ రోడ్డు నుంచి మీ గుమ్మం దాకా నడవండి. ఫైరింజన్ అంటే లారీ. అది తిరగాలంటే దారి కనీసం 12 అడుగులు ఉండాలి. సందు మొదట్లో ఎవరి మెట్లు ముందుకు వచ్చాయో, ఎక్కడ ట్రాక్టరు ట్రక్కు అడ్డంగా పెడుతున్నారో, ఎక్కడ కేబుల్ టీవీ వైరు చేతికందేంత కిందికి వేలాడుతోందో చూసుకోండి. బండి రాలేని చోటుంటే, ఎక్కడిదాకా రాగలదో ఆ చోటు ఇంట్లో అందరికీ తెలియాలి. ఫోన్లో చెప్పాల్సిన గుర్తు కూడా ఇప్పుడే అనుకోండి: "ఊరి పేరు, మండలం, రామాలయం దాటాక ఎడమ చేతి వైపు రెండో సందు, వాటర్ ట్యాంకు ఎదురు." కంగారులో నోరు పెగలదు. ఈ ముక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కింద 101, 112, అంబులెన్సుకు 108, కరెంటుకు 1912, గ్యాస్ లీకుకు 1906 రాయండి. మీ ఏరియా లైన్‌మన్ సెల్ నంబరు కూడా.

తర్వాత గడ్డివాము. ఇంటి గోడకు ఆనించి వేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది, మేత తీయడానికి దగ్గరని. ఇంటికీ వాముకూ మధ్య కనీసం 60 అడుగులు ఉండాలంటాను నేను. అంత దొడ్డి లేకపోతే పొలం గట్టున వేసి వారానికి సరిపడా గడ్డి మాత్రం ఇంటికి తెచ్చుకోండి. ఒకే పెద్ద వాము కంటే రెండు మూడు చిన్నవి, మధ్యలో ఖాళీతో వేయడం మంచిది. ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. పైన కరెంటు లైను పోతుంటే అక్కడ మాత్రం వద్దే వద్దు. గాలికి తీగలు ఒకదానికొకటి రాసుకుని రవ్వలు రాలేది సరిగ్గా గడ్డి బాగా ఎండి ఉన్న రోజుల్లోనే. తడి ఆరని గడ్డిని వాము వేయడం మరో ప్రమాదం. లోపల మగ్గి వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే పొగ వస్తుంది. వాములోకి చెయ్యి పెడితే కాలినట్టు అనిపిస్తే జాగ్రత్త పడండి. నీళ్ళు దగ్గర పెట్టుకుని, కొద్దికొద్దిగా విప్పండి. గాలి తగలగానే భగ్గుమనే అవకాశం ఉంది.

పక్క పొలంలో కొయ్యకాళ్ళో, మొక్కజొన్న చొప్పో, పత్తికట్టో తగలబెడతారు. మీరు ఆపలేకపోవచ్చు. మీ దొడ్డి సరిహద్దు వెంట పది అడుగుల పట్టీ రోటవేటర్ వేయించి నల్లమట్టి పైకి తేలేలా చేస్తే, నేల మీద పాకే మంట అక్కడ ఆగుతుంది. ట్రాక్టరు మీ దొడ్లోకి వచ్చిన రోజున పది నిమిషాల పని.

కరెంటు: ముందు ఇక్కడే డబ్బు పెట్టండి

మీ దగ్గర ఐదారు వేలే ఉన్నాయంటే, అవన్నీ ఇక్కడే పెట్టండి. మంటలార్పే సామాను తర్వాత కొనొచ్చు.

మీటరు పక్కన ఉన్న ఫ్యూజు తీసి చూడండి, ముందు మెయిన్ ఆపి. పింగాణీ క్యారియర్‌లో సన్నటి ఫ్యూజు వైరు ఉండాల్సిన చోట, రెండు మూడు పోగులు మెలిపెట్టిన రాగి వైరు కనపడితే, మీ ఇంటికి రక్షణ లేనట్టే. మాటిమాటికీ పోతోందని ఎవరో అలా కట్టేసి ఉంటారు. ఫ్యూజు పోవడమే దాని పని. అది పోకపోతే గోడలోని వైరు వేడెక్కి, పైనున్న ప్లాస్టిక్ కరిగి, అక్కడ మొదలవుతుంది మంట.

ఫ్యూజులు తీసేసి ఎంసీబీ బాక్సు పెట్టించండి, ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. ఒక్కో ఎంసీబీ రెండు మూడు వందలు. దాంతోపాటు ఒక ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది. ఇది పదిహేను వందల నుంచి రెండున్నర వేల దాకా ఉంటుంది. కరెంటు ఎక్కడైనా తడి గోడలోకో, మనిషిలోకో కారుతుంటే క్షణంలో కట్ చేస్తుంది. దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే ఠక్కున పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయిందని లెక్క. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి మామూలు మూడు గదుల ఇంటికి ఐదు నుంచి ఎనిమిది వేలు అవుతుంది. ఎర్తింగ్ గొయ్యి కూడా చూపించండి. ఎండాకాలంలో అది ఎండిపోతే పనిచేయదు, వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయాలి.

కూలరు, ఫ్రిజ్, మిక్సీ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. ఏసీ పెడితే దానికి విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు లాగించండి. పాత ఇళ్ళలో 1 స్క్వేర్ వైర్ల మీదే ఏసీలు నడుపుతున్నారు, అది నిప్పుతో చెలగాటం. కొత్త వైరు కొనేటప్పుడు ఐఎస్‌ఐ మార్కుతో పాటు 'ఎఫ్‌ఆర్' అని ఉన్నది అడగండి, అది త్వరగా మంటను పాకనివ్వదు.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ నుంచి కరెంటు వైర్లలోకి వస్తూనే ఉంటుంది. మంట వచ్చినప్పుడు రెండూ ఆపాలి. ఆ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్ళకీ, పెద్ద పిల్లలకీ చూపించండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని రాత్రి పడకగదిలో చార్జింగ్ పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే, ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి మనిషి పోయాడు. చార్జింగ్ వసారాలో, మీరు మెలకువగా ఉన్నప్పుడు, కంపెనీ చార్జరుతోనే పెట్టండి.

ఇంటి మీదుగా లైను పోతుంటే నిబంధనలు మీ పక్షానే ఉన్నాయి. మామూలు లైను మేడకు రెండున్నర మీటర్ల ఎత్తులో, పక్క గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను అయితే పైన 3.7 మీటర్లు. అంతకంటే దగ్గరగా ఉంటే 1912లో కంప్లయింట్ ఇచ్చి, ఆ నంబరు రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా జరిగితే ఆ నంబరే మీకు సాక్ష్యం. ఒకటి మాత్రం నిజం, ముందు లైనుండి తర్వాత మీరు మేడ లేపితే, దాన్ని జరిపే ఖర్చు మీ మీదే పడుతుంది.

వంటిల్లు

గ్యాస్ రబ్బరు పైపు ఐదేళ్ళకోసారి మార్చాలి. లోపల స్టీలు అల్లిక ఉండే సురక్ష పైపు రెండు వందల లోపే వస్తుంది. సిలిండర్ తీసుకునేటప్పుడు పైన పట్టీ లోపలి వైపు 'ఏ-27', 'సి-28' లాంటి అక్షరం, అంకె చూడండి. అది టెస్టు గడువు: ఏ అంటే మార్చి వరకు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. గడువు దాటిందైతే తీసుకోకండి.

గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకే వాసన వస్తే స్విచ్ వేయకూడదు, తీయకూడదు, ఫోన్ కూడా బయటికి వెళ్ళాకే చేయాలి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు బార్లా తీసి, చీపురుతో ఊడ్చినట్టు చాపతో కింద గాలిని బయటికి తోయండి.

నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పోయకండి. పోస్తే నూనె ఎగిరి పైకప్పు దాకా మంట లేస్తుంది. పొయ్యి ఆపి, మూకుడు మీద పెద్ద పళ్ళెం బోర్లించండి. పళ్ళెం అందకపోతే తడిపి గట్టిగా పిండిన దుప్పటి కప్పండి. ఈ పనికి ఫైర్ బ్లాంకెట్ అని ఎనిమిది వందలకో వెయ్యికో దొరుకుతుంది. పండగలకు అరిసెలు, బూరెలు ఎక్కువగా వండే ఇంట్లో అది గోడకు ఉండాలి.

కట్టెల పొయ్యి వాడేవాళ్ళు, ముఖ్యంగా తాటాకు వంటపాక ఉన్నవాళ్ళు, పొయ్యి పైన ఆ నాలుగైదు అడుగుల భాగం వరకు ఆకు తీసేసి ఇనుప రేకు వేయండి. చూరు లోపలి వైపు మట్టి మెత్తించినా రవ్వ త్వరగా అంటుకోదు. పాక మొత్తం మార్చే స్తోమత లేకపోయినా ఈ ఒక్క రేకు ఎవరైనా వేయించుకోగలరు.

నీళ్ళు: కరెంటు లేకుండా ఎలా

ఇదే అసలు భాగం. జాగ్రత్తగా లెక్క వేద్దాం.

నిమిషానికి 30 లీటర్ల చొప్పున 20 నిమిషాలు కొట్టాలంటే 600 లీటర్లు కావాలి. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంటే చాలు, కానీ ఎప్పుడూ 600 లీటర్లకు తగ్గకుండా ఉండాలి. ట్యాంకుకు అడుగునుంచి ఒక అంగుళం పైపు విడిగా దింపి, కింద పెరట్లో, చేతికందే ఎత్తులో బాల్ వాల్వు పెట్టించండి. స్నానాల గదికి వెళ్ళే లైను మాత్రం ట్యాంకులో కాస్త పైనుంచి, మూడింట రెండు వంతుల ఎత్తునుంచి తీయించండి. అప్పుడు మామూలు వాడకంలో ఎంత నీళ్ళు అయిపోయినా ఆ కింది నీళ్ళు మంట కోసం మిగులుతాయి. ప్లంబర్‌కు ఇది చెబితే మొదట వింతగా చూస్తాడు, గంటలో చేస్తాడు. ఆ బాల్ వాల్వుకు లోపల దారం అల్లిక ఉన్న 30 మీటర్ల పైపు తగిలించి గోడ మీద చుట్టి పెట్టండి. పైపు, ఫిట్టింగులు, కూలి కలిపి మూడు నాలుగు వేలు. వేగం ఎక్కువ ఉండదు, ఎందుకంటే అది పై నుంచి పడే నీళ్ళ బలమే. కానీ చూరు తడపడానికి, పాకే మంట మీద పోయడానికి బకెట్ల కంటే ఎంతో మేలు.

ఇంతకంటే మంచి సాధనం మీలో చాలామంది ఇంట్లో ఇప్పటికే ఉంది. మిర్చి రైతుకు వేరే ఫైరింజన్ కొనాల్సిన అవసరం లేదు. మందు కొట్టే హెచ్‌టీపీ పంపే ఆయన ఫైరింజన్. పెట్రోలు ఇంజనుతో నడిచేదైనా, ట్రాక్టరుకు తగిలించేదైనా, దానికి కరెంటుతో పని లేదు. పైపు వంద మీటర్లు ఉంటుంది. గన్ను మర తిప్పితే తుంపర పోయి సన్నటి ధార వస్తుంది, ఆ ధార మేడ అంత ఎత్తుకు పోతుంది. నిమిషానికి 20 నుంచి 30 లీటర్లు లాగుతుంది కాబట్టి 200 లీటర్ల డ్రమ్ము ఏడు నుంచి పది నిమిషాలు వస్తుంది. ట్రాక్టరు స్ప్రేయర్ ట్యాంకు 500 లీటర్లది అయితే మీ 20 నిమిషాలు దాదాపు గడిచినట్టే.

దాన్ని ఈ పనికి సిద్ధం చేసుకోవాలంటే నాలుగు సంగతులు. మందు కొట్టిన ట్యాంకు కడగకుండా వదిలేయకండి, మంట మీద పురుగుమందు కలిసిన నీళ్ళు పడితే వచ్చే పొగ మనుషుల్ని పడగొడుతుంది. కడిగి, మంచినీళ్ళు నింపి పెట్టండి. పంపు పొలంలో పాకలో కాదు, జనవరి నుంచి జూన్ దాకా ఇంటి దగ్గరే ఉండాలి. నెలకోసారి స్టార్ట్ చేయండి. ఆరు నెలలు కదపని ఇంజను మీకు అవసరమైన రోజున తాడు ఎన్నిసార్లు లాగినా పలకదు. నాలుగోది, ఇనుప గన్నుతో నీళ్ళు కొట్టేటప్పుడు పైన కరెంటు తీగలు లేవని, ఉన్నా సరఫరా ఆగిందని తేలాకే కొట్టండి. నీటి ధార వెంబడే కరెంటు చేతికి వస్తుంది.

పంపు లేనివాళ్ళు చిన్న పెట్రోలు నీళ్ళ పంపు, అంగుళంన్నర లేదా రెండంగుళాలది, కొనొచ్చు. పది నుంచి ఇరవై వేల మధ్య దొరుకుతుంది. తెనాలి, కొల్లిపర వైపు కాలువ పక్కన ఇళ్ళున్నవాళ్ళకు ఇది బాగా ఉపయోగం, నీళ్ళకు కొరత ఉండదు కాబట్టి. పాత ఆయిల్ ఇంజను మూలన పడి ఉంటే బాగు చేయించండి, కొత్తది అక్కర్లేదు. భుజాన వేసుకునే 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్‌ని కూడా తక్కువ చేయకండి. పక్కింటి మంట నుంచి మీ కప్పు మీద పడే రవ్వల్ని ఆర్పడానికి అదే చాలు.

పెట్రోలు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పంపు కోసమని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి మెట్ల కింద దాచకండి. పంపు ట్యాంకులో నింపి, పంపుతో పాటు దొడ్లోనే, ఇంటికి కాస్త ఎడంగా పెట్టండి.

ఇక, ఈ నీళ్ళను దేని మీద కొట్టాలో ముందే అనుకోండి. బాగా అంటుకున్న గడ్డివాముని వెయ్యి లీటర్లతో ఆర్పలేరు. ఫైరింజన్ తెచ్చే నాలుగున్నర వేల లీటర్లు కూడా దానికి ఒక్కోసారి చాలవు, లోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. వామును వదిలేయండి. ఉన్న నీళ్ళన్నీ ఇంటి కప్పు మీద, గాలి పోతున్న వైపున్న కొట్టం మీద కొట్టండి. వాము ఖరీదు వేలల్లో, ఇల్లు లక్షల్లో. అది కళ్ళముందు కాలుతుంటే అలా ఆలోచించడం కష్టం, అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

మంటలార్పే సిలిండర్

ఇంటికి ఏబీసీ పౌడర్ రకం కొనండి. కట్టె, గుడ్డ, పెట్రోలు, కరెంటు అన్నిటికీ అదొక్కటే పనికొస్తుంది. 4 కిలోలది పదిహేను వందల నుంచి రెండున్నర వేలు. ఒక కిలోది కారుకు, ఇంటికి చాలదు. ఐఎస్‌ఐ మార్కు, ఐఎస్ 15683 అన్న అంకె దాని మీద ఉన్నాయో లేదో చూడండి. మీటరు ముల్లు పచ్చ రంగులో ఉండాలి, ఎర్రలోకి దిగితే గ్యాస్ పోయిందని అర్థం, రీఫిల్ చేయించాలి. రీఫిల్ కొన్ని వందల్లో అయిపోతుంది.

వంటింట్లో పొయ్యి పక్కన పెట్టకండి. పొయ్యి దగ్గరే మంటుంటే దాన్ని ఎలా అందుకుంటారు? వంటింటి గుమ్మం బయట, నడుము ఎత్తులో మేకుకు తగిలించండి. లోపలి పొడి గడ్డకట్టకుండా రెండు మూడు నెలలకోసారి తలకిందులు చేసి ఊపండి.

వాడేటప్పుడు పిన్ను లాగాలి, ఆరేడు అడుగుల దూరంలో నిలబడాలి, గొట్టాన్ని మంట అడుగుకు గురి పెట్టాలి, పిడి నొక్కి అటూ ఇటూ తిప్పాలి. మంట పైభాగం మీద కొడితే పొడి వృథా. 4 కిలోలది పది పదిహేను సెకన్లలో ఖాళీ అవుతుంది, అంతే. మీ వీపు వెనక తలుపు ఉండాలి. సిలిండర్ ఖాళీ అయినా మంట ఆరకపోతే వెనక్కి తిరిగి బయటికి వచ్చేయండి, తలుపు మూసి రండి. గదిలో మంట మీ ఎత్తుకు లేచి ఉంటే అసలు లోపలికి పోవద్దు.

పత్తి, మిర్చి ఇంట్లో ఉంటే

పత్తి పైకి ఆరినట్టు కనిపించి లోపల రాజుకుంటూ ఉంటుంది. పది నిమిషాల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఆర్పేశాక కూడా బయటికి లాగి, విడదీసి, తడపాలి. పత్తి ఉన్న గదిలో కరెంటు పాయింట్లన్నీ ఆపేయండి, బల్బు కావాలంటే బయట గుమ్మంలో పెట్టుకోండి. తూకానికి వచ్చినవాళ్ళు బీడీ వెలిగిస్తే మొహమాటపడకుండా బయటికి పంపండి.

మిర్చి కాలితే వచ్చే పొగ కళ్ళు తెరవనివ్వదు, ఊపిరి ఆడనివ్వదు. తడి కండువా ముక్కుకు కట్టుకుంటే ఆగే ఘాటు కాదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఉన్న గది అంటుకుంటే బయటినుంచి, గాలికి ఎదురు దిశలో కాకుండా గాలి మీ వీపుకు తగిలేలా నిలబడి నీళ్ళు కొట్టండి, లోపలికి ఎవరినీ పంపకండి. కల్లంలో ఎండబోసినప్పుడు రాసుల మధ్య నడక దారి వదలండి, రెండు డ్రమ్ముల నీళ్ళు, నాలుగు తడి గోనెసంచులు అక్కడ ఉంచండి.

కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్ళు ఒక్క ప్రశ్న అడగండి: సరుకుకు ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద, ఎంతకు ఉంది? పాలసీ కాపీ ఫోన్లో ఫోటో తీసుకోండి. చూపించడానికి వెనకాడే చోట సరుకు పెట్టకండి.

రాత్రి పూట, పశువులు

వసారాకు గ్రిల్ పెట్టించుకుని లోపల తాళం వేసి పడుకునే ఇళ్ళు ఎక్కువయ్యాయి. దొంగల భయం సరే, ఆ తాళంచెవి గ్రిల్ పక్కనే మేకుకు ఉండాలి, బీరువాలో కాదు. వెనక తలుపుకు సామాను అడ్డం పెట్టకండి. నడవలేని పెద్దవాళ్ళను బయటి తలుపుకు దగ్గరి గదిలో పడుకోబెట్టండి. బ్యాటరీతో నడిచే పొగ అలారం వెయ్యి రూపాయల లోపే వస్తుంది. దాన్ని హాల్లో పెట్టండి, కట్టెల పొయ్యి దగ్గర పెడితే రోజూ మోగి, విసుగొచ్చి బ్యాటరీ తీసేస్తారు. దేవుడి దగ్గర దీపం వెలిగించి పడుకునే అలవాటుంటే, ఆ దీపం ఇత్తడి పళ్ళెంలో, కర్టెన్‌కు దూరంగా ఉండాలి.

కొట్టంలో గేదెల్ని గట్టి ముడులతో కట్టకండి. పలుపు గుంజకు జారుముడి వేస్తే కొస పట్టి ఒక్క లాగుకు ఊడుతుంది. బిగిసిపోయిన ముడిని మంట వెలుతురులో, బెదిరిపోయి గుంజుకుంటున్న గేదె దగ్గర విప్పడం ఎవరి వల్లా కాదు. దానికి తోడు ఒక పదునైన కొడవలి కొట్టం బయటి స్తంభానికి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. వదిలిన పశువు ఒక్కోసారి బెదిరి మళ్ళీ కొట్టంలోకే పరిగెడుతుంది, అందుకని వెనకే గేటు వేసేయండి.

ఒక్క ఇల్లు కాదు, వీధి

పాకలు వరసగా ఉన్న వీధిలో మీ ఒక్కరి జాగ్రత్త సరిపోదు. పది ఇళ్ళు కలిసి తలా రెండు వేలు వేసుకుంటే ఒక పెట్రోలు పంపు, వంద మీటర్ల పైపు వస్తాయి. దాన్ని ఎవరింట్లో ఉంచాలి, తాళం ఎవరి దగ్గర, నెలకోసారి ఎవరు స్టార్ట్ చేయాలి అన్నవి ముందే తేల్చుకోండి, లేకపోతే ఏడాదికే గొడవై మూలన పడుతుంది. పంచాయతీ వాటర్ ట్యాంకర్ డ్రైవర్ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి. గుడిలోనో, చర్చిలోనో, మసీదులోనో ఉన్న మైకులో కేక వేస్తే ఊరంతా లేస్తుంది, అది వాడుకోవడానికి పెద్దల్ని అడిగి పెట్టుకోండి. భోగి మంటల రోజు, దీపావళికి, నాగుల చవితికి ఇద్దరు కుర్రాళ్ళను వాముల దగ్గర కాపలా పెట్టండి. రాకెట్లు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు.

ఇన్సూరెన్స్

కాలిపోయినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయం ఎంతో తెలిస్తే పాలసీ ఎందుకో అర్థమవుతుంది. 2022-26 మధ్యకాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం లెక్కలో పూర్తిగా కాలిన గుడిసెకు 8,000, బట్టలకు కుటుంబానికి 2,500, గిన్నెలకు 2,500. పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000, పాడి గేదెకు 37,500. ఈ డబ్బుతో ఇల్లు లేవదు.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అన్న ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి. మంట, పిడుగు, పేలుడు, తుఫాను, వరద అన్నీ అందులో ఉన్నాయి. కృష్ణ పక్కన ఉన్న మనకు వరద కూడా తక్కువ సంగతేమీ కాదు. ఇల్లు ఎంతకు ఇన్సూర్ చేస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా, సామానుకు విడిగా చెప్పకుండానే రక్షణ వస్తుంది. తక్కువకు ఇన్సూర్ చేశారని క్లెయిమ్‌లో కోత పెట్టరు. స్థలం ఖరీదు కలపకండి, ఈరోజు చదరపు అడుగుకు కట్టుబడి ఎంతవుతుందో అంతకే చేయించండి. ప్రీమియం మామూలుగా ఏడాదికి లక్షకు వంద రూపాయల లోపే, అంటే పది లక్షల ఇంటికి వెయ్యి దాటదు. ఏటా రెన్యూవల్ మర్చిపోయేవాళ్ళు ఒకేసారి పదేళ్ళ దాకా కట్టేయొచ్చు.

తాటాకు, గడ్డి కప్పు ఉన్న ఇంటికి పాలసీ తీసుకునేటప్పుడు ఆ సంగతి ఫారంలో స్పష్టంగా రాయించండి. ఏజెంటు "పర్లేదండీ, పక్కా ఇల్లని రాసేద్దాం" అంటే ఒప్పుకోకండి, కాలిన రోజున ఆ ఒక్క ముక్కతో క్లెయిమ్ పోతుంది. అమ్మకానికి ఉంచిన పత్తి, మిర్చి ఇంటి సామాను కాదు, వాటికి విడిగా పాలసీ అడగాలి. నగలకు కూడా అంతే.

గ్యాస్ వల్ల ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీల తరఫున ఉన్న ఇన్సూరెన్స్‌కు మీరు విడిగా ఏమీ కట్టక్కర్లేదు. మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. కనెక్షన్ మీ పేరున, ఆ ఇంటి అడ్రసులో ఉండాలి, పైపు, రెగ్యులేటర్ ఐఎస్‌ఐవి అయి ఉండాలి. ప్రమాదం జరగ్గానే డీలర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు పట్టుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఇంట్లో 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళందరికీ చేయించండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి.

మొత్తం లెక్క చూస్తే, కరెంటు పని, ఒక సిలిండర్, ట్యాంకు పైపు, పాలసీ కలిపి పదిన్నర నుంచి పదహారు వేలు. పెట్రోలు పంపు కూడా కొనాల్సి వస్తే ముప్పై ఆరు వేల దాకా. ఒకేసారి పెట్టలేకపోతే ఈ వరసలోనే కొనండి: కరెంటు, పాలసీ, నీళ్ళు, సిలిండర్.

మంట వచ్చిన రోజు, ఆ తర్వాత

ముందు మనుషులు, తర్వాత మెయిన్, ఇన్వర్టర్ ఆపడం, తర్వాత 101. ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళి బండికి దారి చూపాలి. ఎవరి బట్టలకైనా అంటుకుంటే పరిగెత్తనివ్వకండి, నేల మీద దొర్లించి దళసరి నూలు దుప్పటి కప్పండి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్ళు ధారగా పోయండి. పేస్టు, పసుపు, సిరా ఏవీ పూయకండి. 108 పిలవండి.

ఆరిపోయాక శుభ్రం చేయాలన్న తొందర ఉంటుంది. ఆగండి. ప్రతి గదినీ, ప్రతి వస్తువునీ ఫోటోలు, వీడియో తీయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. సర్వేయర్ వచ్చి చూసేదాకా బూడిద కదపకండి. ఫైర్ స్టేషన్ నుంచి ప్రమాదం జరిగినట్టు పత్రం, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాపీ, వీఆర్వో రాసిన పంచనామా కాపీ తీసుకోండి. గేదె పోతే పశువైద్యుడు చూసి పత్రం ఇచ్చాకే పాతిపెట్టండి. ఈ పనికి ముందునుంచే ఒక ఏర్పాటు ఉంటే మేలు: ఇప్పుడే ఇంట్లో గదులన్నీ ఒక వీడియో తీసి, పట్టాదారు పాస్‌పుస్తకం, పాలసీ, ఆధార్ ఫోటోలతో పాటు ఊళ్ళో లేని కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపండి. ఏ వస్తువు ఉండేదో సర్వేయర్ అడిగినప్పుడు చూపించడానికి ఆ వీడియో ఉంటుంది.